అప్‌డేట్: దుందుభి వాగులో కయాక్ అడ్డం తిరగడం ఆగింది

గాలి నింపే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వడి నీళ్లలో అడ్డం తిరిగి బండకు తగులుతోందని అడిగాను కదా. తప్పు బరువులో ఉంది. సామాను సంచి ముందు కట్టడంతో ముక్కు దిగి బండకు ఆనుతోంది. వెంటనే నీటి తోపుకు తోక పక్కకు తిరిగి పడవ అడ్డం పడుతోంది. సంచిని సీటు వెనక్కి మార్చి, ముక్కు రెండు వేళ్లు లేచేలా చూస్తే సరిపోయింది. అడుగున ఉండే ఫిన్ (చేప రెక్క లాంటి పలక) కూడా తీసేశాను, లోతులేని వాగులో అది అడ్డమే.

వడిలో తెడ్డు వేయడం ఆపొద్దని ఒక అన్న చెప్పిన మాట నిజం. పడవ నీటి వేగంతోనే పోతుంటే మన మాట వినదు. నీళ్లపై 'వి' ఆకారం కొన దిగువకు చూస్తే దారి, ఎగువకు చూస్తే కింద రాయి.

అడ్డంగా బండకు తగిలితే బండ వైపే ఒరగాలి. భయంతో ఎగువకు ఒరిగితే క్షణంలో నిండుతుంది.

చెక్‌డ్యాం మీంచి మాత్రం దూకించొద్దు, ఎంత చిన్నదైనా. కింద నీళ్లు వెనక్కి సుడి తిరిగి మనిషిని వదలవు. ముందే ఒడ్డుకొచ్చి మోసుకెళ్లాలి. ఒడ్డున నీళ్లలోకి వాలిన సర్కారు తుమ్మకూ దూరం. ముళ్లకు ట్యూబు చిరగడం చిన్న సంగతి, కొమ్మల్లో ఇరుక్కోవడం పెద్దది.