వృద్ధాశ్రమంలో పనికి ఏ చదువు, ఏ శిక్షణ ఉండాలి?

చీపురుపల్లి కోడలు:

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 38 ఏళ్లు. ఇంటర్ బైపీసీ పాసయ్యాను, పెళ్లితో చదువు ఆగిపోయింది. మా అత్తగారు పక్షవాతంతో నాలుగేళ్లు మంచం పట్టారు. స్నానం, తిండి, మందులు, పక్క మార్చడం అన్నీ నేనే చూశాను. ఈ మాఘమాసంలో ఆవిడ పోయారు.

విజయనగరంలో ఒక వృద్ధాశ్రమానికి మనుషులు కావాలని తెలిసి వెళ్లి మాట్లాడాను. నెలకు 11,000 రూపాయలు, ఒక పూట భోజనం, పన్నెండు గంటల డ్యూటీ అన్నారు. సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. లేదన్నాను. సరే, చేరాక చూద్దాం అన్నారు. తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడినచోట ఒక బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లి అడిగాను. 25,000 కడితే మూడు నెలల్లో నర్సింగ్ సర్టిఫికెట్ ఇస్తారట, దానితో ఆసుపత్రిలో నర్సుగా కూడా చేరవచ్చట. మా ఆయన ఆవును అమ్మి కడదామంటున్నారు.

అసలు ఈ పనికి చట్టప్రకారం ఏ చదువు ఉండాలి? ఆ డబ్బు కట్టవచ్చా? అత్తగారికి చేసిన నాలుగేళ్లు ఎక్కడైనా లెక్కలోకి వస్తాయా?

ఇంకొక్క మాట. మా తమ్ముడు నరసన్నపేటలో ఉంటాడు, డిగ్రీ చదివాడు. బ్రిటన్‌లో కేర్ హోమ్‌లో ఉద్యోగం వేయిస్తానని ఒక ఏజెంటు అతన్ని ఆరు లక్షలు అడుగుతున్నాడు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఆమదాలవలస అబ్బాయి:

అక్కా, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు రెండేళ్లుగా శ్రీకాకుళం ఊరి చివర ఒక ఆశ్రమంలో ఉంటున్నారు. అక్కడి ఆయాలలో పదో తరగతి దాటినవాళ్లు తక్కువే. అయినా నాన్నకు పేరు పెట్టి పిలిచి పలకరించేవాళ్లు, గడ్డం గీసేవాళ్లు వాళ్లే. ఈ పనికి చదువుకన్నా ఓపిక ముఖ్యమని నా అభిప్రాయం. నాలుగేళ్లు అత్తగారికి చేసిన మీకు కొత్తగా ఎవరో నేర్పాల్సింది ఏమీ ఉండదు. ధైర్యంగా చేరిపోండి.

నాగావళి సిస్టర్:

చెల్లెమ్మా, నేను 2002లో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేరాను, తర్వాత ఏఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివాను. ఇప్పటికీ శ్రీకాకుళం దగ్గర ఇదే పనిలో ఉన్నాను, కొత్తగా వచ్చే ఆయాలకు పని నేర్పేది నేనే. పైన తమ్ముడు ఓపిక గురించి అన్న మాట నిజం. కానీ ఓపిక ఉంటే నేర్చుకోవాల్సింది ఏమీ లేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. అది ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఆ 25,000 సంగతి. ఆవును అమ్మకండి. మూడు నెలల్లో ఎవరూ నర్సు కాలేరు. ఇంటర్ తర్వాత ఏఎన్ఎంకు రెండేళ్లు, దానికన్నా పెద్ద నర్సింగ్ కోర్సు జీఎన్ఎంకు మూడేళ్లు చదవాలి, ఆ పైన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఆ నమోదు లేని కాగితం మీద నర్సింగ్ అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసినా దానికి విలువ లేదు.

ఆయాకు, అటెండెంటుకు మన దేశంలో అలాంటి నమోదు లేదు. వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద పెద్దలకు చోటు అని అందులో రాశారు. ఆ 150 మందిని ఎత్తి కూర్చోబెట్టే మనిషి ఏం నేర్చుకుని రావాలో మాత్రం రాయలేదు. ఆశ్రమాలకు నమోదు, కనీస ప్రమాణాలు ఉండాలని సవరణ బిల్లు ఒకటి 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది, చట్టం కాలేదు. అందుకే మిమ్మల్ని చేరాక చూద్దాం అనగలిగారు. ఇన్నేళ్లుగా నన్ను బాధపెట్టే విషయం ఇదే. జుట్టు కత్తిరించే చోట కూడా కొంతకాలం పక్కన నిలబెట్టి నేర్పించాకే కత్తెర చేతికి ఇస్తారు. మంచాన ఉన్న మనిషిని మాత్రం మొదటి రోజే ఒంటరిగా అప్పగిస్తారు.

మీకు సరిపడే శిక్షణ జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే నర్సుకు తోడుగా రోగుల రోజువారీ అవసరాలు చూసే పని, అందరూ జీడీఏ అంటారు. పదో తరగతి చదివినవాళ్లకు సరిపోతుంది, మీది ఇంటర్ కాబట్టి ఇబ్బంది లేదు. ఇంటికి వెళ్లి రోగులను చూసుకునే పనికి, వృద్ధుల సంరక్షణకు వేరు కోర్సులు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ యోజన కింద నడిచే కేంద్రంలో చేరితే ఫీజు ఉండదు. విజయనగరంలో నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయానికి వెళ్లి, ఇప్పుడు ఏ కేంద్రంలో జీడీఏ బ్యాచి నడుస్తోందో అడగండి. స్కిల్ ఇండియా డిజిటల్ వెబ్‌సైటులో కూడా వెతకవచ్చు. ఎక్కడ చేరినా, సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, దాని మీద జాతీయ నైపుణ్య అర్హతల స్థాయి ఎంత అని రాసి ఉంటుందో ముందే అడగండి. సమాధానం చెప్పడానికి తడబడితే లేచి వచ్చేయండి.

అత్తగారికి చేసిన నాలుగేళ్లకు ఎవరూ కాగితం ఇవ్వరు. అయితే పని ముందే వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. కొన్నాళ్లు ఆశ్రమంలో పని చేశాక ఆ దారిలో కూడా వెళ్లవచ్చు. కానీ మీరు పూర్తి కోర్సే చదివితే నాకు ఎక్కువ సంతోషం.

ఎందుకో చెబుతానన్నాను కదా. నేను చేరిన ఏడాది అక్కడ ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మూతి ఒక పక్కకు జారింది. నాకు ఆయనంటే ప్రాణం. చారన్నం మెత్తగా పిసికి నేనే తినిపించేదాన్ని. ఒక సాయంత్రం తల కింద ఒక్క దిండు మాత్రమే ఉంది, అలాగే తినిపిస్తున్నాను. కుడి బుగ్గలో ముద్ద నిలిచిపోయింది. మన ఇళ్లలో ముద్ద దిగకపోతే ఏం చేస్తాం? నీళ్లు తాగిస్తాం. నేనూ గ్లాసు ఎత్తి నీళ్లు పోశాను. ఆయన పెద్దగా దగ్గలేదు కూడా. గొంతులో గరగరమని చప్పుడు, కళ్లలో నీళ్లు, ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకోవడం, అంతే. వీపు నిమిరాను, సర్దుకున్నారు అనుకున్నాను. మూడో రోజుకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళితే తిన్నది, తాగినది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిందన్నారు. ఆయన మళ్లీ ఆ మంచం మీదకు రాలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం కష్టమవుతుందని, అప్పుడు అన్నంకన్నా పలచని నీళ్లే ఎక్కువ ప్రమాదమని నాకు ఎవరూ చెప్పి ఉండలేదు కదా. చెప్పడానికి పది నిమిషాలు చాలు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి వంచాలి. చిన్న చెంచాతో, బాగున్న వైపు నుంచి పెట్టాలి. గొంతు దగ్గర ముడి పైకి లేచి దిగిందా అని చూశాకే రెండో చెంచా. మధ్యమధ్య ఏదైనా మాట్లాడించాలి, గొంతు తడిగా, బుడగలు వచ్చినట్టు వినిపిస్తే అక్కడితో ఆపి నర్సును పిలవాలి. చివర బుగ్గ లోపల ఏమీ మిగల్లేదని చూడాలి, అరగంటదాకా పడుకోబెట్టకూడదు. నా దగ్గరకు వచ్చే ప్రతి ఆయాకు మొదటి రోజు నేర్పేది ఇదే. ఒకరికొకరు ముద్ద పెట్టుకోమంటాను, ఒకసారి పడుకుని, ఒకసారి కూర్చుని. పడుకుని మింగి చూసినవాళ్లకు మళ్లీ చెప్పే పని ఉండదు.

మీరు అత్తగారికి ఇవన్నీ సరిగ్గానే చేసి ఉంటారు, నాలుగేళ్లు బతికించుకున్నారు కాబట్టి. అక్కడ మీకు తెలిసింది ఒక్క మనిషి శరీరం. ఇక్కడ ముప్పై మంది ఉంటారు, ఏ ఇద్దరిదీ ఒక తీరు కాదు. మా దగ్గరకు ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో, డయాలసిస్ చేయించుకుంటున్న పెద్దవాళ్లు వస్తారు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా పెట్టి ఉంటే ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, రక్తం తీయకూడదు, ఆ చేయి మీద బరువు పడేలా పడుకోబెట్టకూడదు. వేలు ఆనిస్తే లోపల సన్నగా జుమ్మని కదలిక తెలుస్తుంది. అది ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి కబురు పెట్టాలి. దాహం అన్నారని జాలిపడి రెండు గ్లాసుల నీళ్లు ఇస్తే, డాక్టరు కొలత పెట్టిన మనిషికి ఆ రాత్రి ఆయాసం రావచ్చు. జాలి ఉన్న మనిషి చేత్తోనే ఇలాంటివి జరుగుతాయి.

చేరే ముందు ఆశ్రమం వాళ్లను అడగండి: రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా? ఒక్కో ఆయాకు ఎంతమంది? కదలలేనివాళ్లను రెండు గంటలకొకసారి పక్క మార్చినట్టు రాసే పుస్తకం ఉందా? ఉంటే చూపించమనండి. అన్ని రోజులూ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, తీర్చిదిద్దినట్టు ఉంటే అది ఒకేసారి కూర్చుని రాసిన పుస్తకం. ఇంజెక్షన్, ఇన్సులిన్, ముక్కులో గొట్టం వేయడం ఆయా పనులు కావు. ఒక్కసారికేగా అని బతిమాలినా చేయకండి.

రాజాం నుంచి లీడ్స్‌కు:

నేను మూడేళ్లుగా ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. అక్కా, మీ తమ్ముడిని ఆ ఆరు లక్షలు ఇవ్వవద్దని గట్టిగా చెప్పండి. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే వీసాను బ్రిటన్ 2025 జులై 22 నుంచి ఆపేసింది. ఇప్పుడు అదే వీసా ఇప్పిస్తానంటే అది అబద్ధం.

ఇక్కడి శిక్షణ గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఏజెంట్లు కేర్ సర్టిఫికెట్ అని ఒక కాగితం కూడా అమ్ముతున్నారు. ఇంగ్లండ్‌లో అది 2015లో మొదలైంది. అప్పట్లో పదిహేను అంశాలు ఉండేవి. చేరిన కొత్తలో ఆన్‌లైన్‌లో చదవాలి, ఆ తర్వాత అసలైన పని చేస్తుంటే పక్కన ఒకరు నిలబడి గమనించి సంతకం పెట్టాలి. చేతులు కడుక్కోవడం నుంచి మనిషిని ఎత్తే హాయిస్టు వాడడందాకా అన్నీ నా చేత చేయించి చూశారు. మనిషిని చూడకుండా దూరం నుంచి ఎవరూ ఇవ్వగలిగేది కాదు.

విదేశం వెళ్లాలనే పట్టుదల ఉంటే జపాన్ గురించి తెలుసుకోమనండి. 2021 జనవరిలో భారత్, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి, అందులో వృద్ధుల సంరక్షణ కూడా ఉంది. సంరక్షణ పనిలో పరీక్ష, జపనీస్ భాషలో పరీక్ష పాసవ్వాలి. భాషకు చాలా నెలల కష్టం ఉంటుంది. ఏ దేశమైనా సరే, ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుము కింద 30,000 రూపాయలు, జీఎస్టీ మించి తీసుకోకూడదు.

ఆమదాలవలస అబ్బాయి:

సిస్టర్, మీరు రాసింది చదివి నాన్నకు ఫోను చేశాను. పడుకునే తింటున్నావా, కూర్చుని తింటున్నావా అని అడిగాను. మధ్యాహ్నం కూర్చోబెడతారు, రాత్రి మనుషులు చాలరు కాబట్టి దిండు పెడతారు అన్నారు. రెండేళ్లలో నేను ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదు. వచ్చే శనివారం రైలు దొరకకపోయినా బస్సులోనైనా వస్తున్నాను. పైన నేను ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటున్నాను.

చీపురుపల్లి కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. ఆవు అమ్మకం ఆపేశాం. తమ్ముడితో మాట్లాడాను, కోపంగానే ఉన్నాడు గానీ డబ్బు కట్టలేదు. నైపుణ్యాభివృద్ధి కార్యాలయానికి సోమవారం వెళతాను. ఆశ్రమం వాళ్లు ఈలోపు ఒక రోజు వచ్చి పని చూసుకోమంటున్నారు, వెళ్లనా?

సిస్టర్ గారూ, ఒకటి అడగడానికి మొహమాటంగా ఉంది. మగవాళ్లకు కూడా స్నానం చేయించాల్సి వస్తుందా? మా ఆయన ఏమీ అనరు గానీ ఊళ్లో మాట వస్తుందని నా భయం.

నాగావళి సిస్టర్:

ఇందులో మొహమాటం అక్కర్లేదు, చేరే ప్రతి ఆడమనిషీ ఇదే అడుగుతుంది. కొన్నిచోట్ల మగవాళ్లకు మగ అటెండెంట్లు ఉంటారు, చాలాచోట్ల చాలరు. చేయించాల్సి వస్తే ఎలా చేయించాలో కూడా శిక్షణలో ఉంటుంది. తలుపు వేసి, దుప్పటి కప్పి, ఏ భాగం తుడుస్తున్నామో అంతవరకే తీయాలి, తుడిచిన వెంటనే కప్పాలి. ఇప్పుడు చేయి తుడుస్తాను మాస్టారూ అని ప్రతిదీ చెప్పి చేయాలి. తన చేతికి అందేది ఆయన్నే తుడుచుకోనివ్వాలి. మీకన్నా ఎక్కువ సిగ్గుపడేది ఆయనే. ఆ సిగ్గును కాపాడడమూ మీ పనిలో భాగమే. ఊళ్లో అడిగినవాళ్లకు ఈ మాటే చెప్పండి.

ఆ ఒక్క రోజు తప్పకుండా వెళ్లండి. ఎవరినీ ఒంటరిగా ఎత్తవద్దు, పక్కన నిలబడి చూడండి. ముందురోజే గోళ్లు కత్తిరించుకోండి. మట్టి గాజులు కూడా తీసి వెళ్లాలి. ఎనభై ఏళ్లవాళ్ల చర్మం ఉల్లిపొర లాంటిది, గాజు అంచు తగిలితే చిరిగిపోతుంది, మానడానికి వారాలు పడుతుంది. ఇంట్లో నొచ్చుకుంటారని నాకు తెలుసు, మా అత్తగారూ నొచ్చుకున్నారు. నేను వార్డు బయట ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టుకున్నాను. లోపలికి వెళ్లేటప్పుడు గాజులు అందులో వేసి, ఇంటికి బయలుదేరే ముందు చేతులు కడుక్కుని మళ్లీ వేసుకుంటాను.