జపమాల, నవదిన ప్రార్థనలు ఆత్మను ఎదగనిస్తాయా, ఉన్నచోటే ఉంచుతాయా?

ఎడారి బావి:
సూటిగా అడుగుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మా ఇంట్లో జపమాల లేకుండా రాత్రి భోజనం లేదు. నవదిన ప్రార్థనలు ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉంటాయి. పునీతుల్లో (సెయింట్లలో) జోజప్పగారికి అయిపోగానే అంతోనివారికి, ఆ తరువాత నిత్య సహాయమాత మరియమ్మకు. ఇన్నేళ్ల తరువాత నన్ను నేను చూసుకుంటే అదే నోటి దురుసు, అదే పగ, అదే భయం. పెదవులకు మాత్రం అలవాటు బాగా కుదిరింది.

సన్యాసిని పునీత అవిలా తెరేసమ్మ 1577లో ఆత్మను ఏడు నివాసాలున్న కోటగా వర్ణిస్తూ ఒక పుస్తకం రాశారు. ఎవరితో మాట్లాడుతున్నామో, ఏమి అడుగుతున్నామో, అడిగే మనం ఎవరమో అన్న ధ్యాస లేనప్పుడు పెదవులు ఎంత కదిలినా దాన్ని ప్రార్థన అనలేనని అందులో మొదటి అధ్యాయంలోనే తేల్చి చెప్పారు. ఆ ప్రకారం చూస్తే నా జపమాలల్లో ప్రార్థన అనదగ్గవి ఎన్ని? పునీతుల పండుగలు ఘనంగా చేస్తాం, వాళ్ళు ఎలా ప్రార్థించారో మాత్రం అడగం. జపమాల పక్కన పెట్టి ఆ సమయాన్ని మౌన ధ్యానానికి ఇస్తే తప్పా?

ఆవగింజ:
మత్తయి 6:7. అన్యుల వలె వ్యర్థమైన మాటలు పలుకవద్దని ప్రభువే చెప్పారు. ఇంకా చర్చ దేనికి?

ఉపదేశి మనవడు:
ఆవగింజ గారూ, మత్తయి 26:44 కూడా చదవండి. మరణానికి ముందు రాత్రి గెత్సేమని తోటలో ప్రభువు మూడవసారి వెళ్లి అవే మాటలు పలికి ప్రార్థించారు. 136వ కీర్తనలో 26 చరణాలుంటే ఆయన కృప నిరంతరం ఉంటుందన్న మాట 26 సార్లూ వస్తుంది. ప్రభువు కాదన్నది వ్యర్థమైన మాటలను. తిరిగి పలికిన మాటలన్నీ వ్యర్థమని ఆయన ఎక్కడా అనలేదు.

ఎడారి బావి గారూ, తెరేసమ్మను సగమే చదివారు. ఆమె తన మఠంలోని సోదరీమణుల కోసం రాసిన మరో పుస్తకంలో ఒక వృద్ధురాలి సంగతి ఉంది. ఆ పెద్దావిడకు నోటి ప్రార్థన తప్ప ఏదీ చేతకాదు. నాకు ధ్యానం రావడం లేదని బాధపడుతూ తెరేసమ్మ దగ్గరికి వచ్చింది. ఎలా ప్రార్థిస్తావని అడిగి తెలుసుకుంటే, ప్రభువు నేర్పిన పరలోక జపం చెబుతూ చెబుతూనే దేవునితో ఐక్యమయ్యే స్థితికి చేరిందని తేలింది. ఆమె నోటి ప్రార్థనను చూసి నాకు అసూయ కలిగిందని రాశారు తెరేసమ్మ. మీరు తక్కువ చేస్తున్న ఆ నోటి ప్రార్థనే!

ఇక జపమాల అంటే మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం యాభై సార్లు అప్పజెప్పడం కాదు. చేతిలో పూసలు కదులుతుంటే మనసు దేవరహస్యం మీద, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టం మీద నిలవాలి. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం వంటిదని ఆరవ పౌల్ పోపు 1974లోనే హెచ్చరించారు. 2002లో రెండవ జాన్ పాల్ పోపు వెలుగు దేవరహస్యాలు చేర్చినప్పుడు ఆ మాటనే గుర్తు చేశారు. జపమాలలోనే ధ్యానం ఉంటే, ధ్యానం కోసం జపమాల మానడం ఏమిటి?

ఎడారి బావి:
కాగితం మీద ఉంది. మోకాళ్ళ మీద ఎక్కడుంది? ముందు చెప్పేవారి "ప్రార్థించండి, ఆమెన్" పూర్తి కాకముందే వెనకవారు తరువాతి జపం "దేవ వరప్రసాదముచేత" అందుకుంటారు. దేవరహస్యం పేరు ఒక్క ఊపిరిలో చదివేస్తారు. ఆ తరువాత పది పూసలూ ఒకే పరుగు. అందులో మనసు దేని మీద నిలుస్తుందో మీరే చెప్పండి.

ఉపదేశి మనవడు:
వేగం మనుషుల తప్పు, జపమాలది కాదు.

ఎడారి బావి:
అందరూ అలాగే చెప్పే ప్రార్థనలో తప్పు ఎవరిదని పంచుకుంటూ కూర్చుంటే మారేదేమిటి?

ఉపదేశి మనవడు:
అందరూ అనకండి. మీరు విన్నవాళ్ళు అనండి.

కొవ్వొత్తి:
వేగం దగ్గరే ఆగిపోయారు గనుక ఒక మాట. పునీత లొయోలా ఇన్యాసివారి ఆధ్యాత్మిక సాధనల పుస్తకానికి 1548లో పోపుగారి ఆమోదం దొరికింది. అందులో నోటి ప్రార్థన చెప్పుకునే పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో పరలోక జపం మొదలుపెట్టి "తండ్రీ" అన్న మాట దగ్గర రుచి ఉన్నంతసేపూ ఆగిపోవచ్చు. ఇంకో పద్ధతిలో ఒక్కో ఊపిరికి ఒక్కో మాట. నేను జపమాలలో ఒక పదిని (పది మంగళవార్త జపాలను) ఇలా చెబుతాను, మిగిలినవి మామూలుగానే. "పాపాత్ములమై ఉండెడు మా కొరకు" అన్నచోట ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ రోజు ఎవరిని ఏమన్నానో ఠక్కున గుర్తుకొస్తుంది. అక్కా, మీరు చెప్పిన నోటి దురుసుకు ఇది బాగా పనిచేస్తుంది, ప్రయత్నించండి.

ఎడారి బావి:
ధన్యవాదాలు. ఇలాంటిది చెప్పినవారు నాకు మీరే మొదలు.

తొమ్మిదో రోజు:
ఇన్ని పుస్తకాలు దేనికి? పునీతులను నమ్మి అడిగితే దొరుకుతుంది. మా అబ్బాయి ఉద్యోగం అంతోనివారి నవదిన ప్రార్థనలు ముగిసిన రోజే ఖాయమైంది. మోనికమ్మ ఏళ్ల తరబడి కన్నీళ్లతో అడిగింది గనుకనే ఆమె కొడుకు అగుస్తీనువారు 387లో జ్ఞానస్నానం పొందారు. నియమం మాత్రం గట్టిగా ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే ఫలం దక్కదు.

ఆవగింజ:
దేవుడిని వదిలి పునీతుల వెంట పడటం అంటే ఇదే.

ఉపదేశి మనవడు:
ఆవగింజ గారూ, మాకోసం ప్రార్థించండి అని అడగడం ఆరాధించడం కాదు. శ్రీసభ (చర్చి) పెద్దల త్రెంతు మహాసభ 1563లోనే ఈ సంగతి స్పష్టం చేసింది. దాని కోసం వేరే చర్చ తెరవండి, ఇక్కడ వద్దు.

ఎడారి బావి:
తొమ్మిదో రోజు గారూ, "ఒక్క రోజు తప్పినా ఫలం దక్కదు" అన్న ఆ మాట మీకు ఎవరు చెప్పారు? ఏ పోపు? ఏ మహాసభ?

మా చెల్లెలు జబ్బుపడినప్పుడు ఇల్లంతా నవదిన ప్రార్థనలు చేశాం. చెల్లెలు బతకలేదు. భూస్థాపన ముగిసి ఇంటికి వచ్చాక ప్రార్థన కూటమి పెద్దావిడ ఒకరు మా అమ్మ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చాలా ప్రేమగానే అడిగింది: "మధ్యలో ఒక రోజు ఏమైనా తప్పిందా?" అమ్మ అప్పటి నుంచి ఆ రోజులే లెక్కపెట్టుకుంటోంది. ఆసుపత్రిలో ఉన్న ఒక రాత్రి చెప్పామో లేదో ఆమెకు గుర్తు లేదు. కూతురు పోయిన దుఃఖం ఒకటి, ఆ పోవడం తనవల్లేనేమో అన్న అనుమానం ఇంకొకటి. ఈ రెండోది మనం పెట్టాం. భక్తి పేరుతో పెట్టాం!

పునీత సిలువ యోహానువారు ఈ రోగాన్ని 16వ శతాబ్దంలోనే గుర్తించారు. పూజకు ఇన్నే కొవ్వొత్తులు ఉండాలి, ఫలానా సమయానికే జరగాలి, ప్రార్థనలు ఇన్నే ఉండాలి, ఒక్కటి తప్పినా ఏదీ నెరవేరదు అనుకునేవారిని ఆయన గట్టిగా మందలించారు. బాహ్య క్రియ చేసినంత మాత్రాన దానంతట అదే ఫలిస్తుందని నమ్మడం మూఢాచారమని శ్రీసభ బోధల అధికారిక గ్రంథం కతోలిక సత్యోపదేశం 2111వ సంఖ్యలో ఉంది. ఏ ప్రార్థన కరపత్రం మీదనైనా ఈ మాట అచ్చువేశారా? "తొమ్మిది మందికి పంపండి, పంపకపోతే కీడు" అన్న సందేశాలు మాత్రం ఫోనులో రోజూ వస్తాయి.

తొమ్మిదో రోజు:
మీ బాధకు నా సానుభూతి. కానీ నాకు జరిగిన మేలును అబద్ధం అనలేను.

ఎడారి బావి:
అబద్ధమని నేను అనలేదు. మీ అబ్బాయికి ఇచ్చి మా చెల్లెలికి ఇవ్వని దేవుడు మా అమ్మకు ఎలా కనిపిస్తాడో ఒక్కసారి ఆలోచించమంటున్నాను.

ఉపదేశి మనవడు:
ఆ పెద్దావిడ అన్నది దారుణం. అందులో రెండో మాట లేదు. కానీ దానికి శిక్ష జపమాలకు వేస్తారా? ఇంతసేపు ఓపిక పట్టాను, ఇప్పుడు చెబుతాను. "పెదవులు కదిపేవాళ్ళు", "మౌన ధ్యానం తెలియనివాళ్ళు" అని మీరు రాసిన ప్రతిసారీ నాకు మా అమ్మే కనిపిస్తోంది. ఆమెకు అక్షరం రాదు. తెరేసమ్మ కోట, యోహానువారి మందలింపు ఏవీ ఆమెకు తెలియవు. వచ్చింది జపమాల ఒక్కటే. అత్త చేతిలో అవమానాలు, పోయిన పొలం, ఇద్దరు బిడ్డల మరణం, అన్నీ ఆ పూసల మీదే దాటింది. చివరి రోజుల్లో మాట పడిపోయింది. మేము చుట్టూ కూర్చుని జపమాల చెబుతుంటే "ఇప్పుడును మా మరణ సమయమందును" అన్నచోట మాత్రం ఆమె పెదవులు కదిలేవి. తక్కినచోట కదలలేదు. ఆ పెదవుల కదలిక ప్రార్థన కాదని నాతో ఎవరూ అనవద్దు.

చదువుకున్నవాళ్ళకు ఒక ప్రార్థన, చదువు లేనివాళ్ళకు దానికంటే తక్కువది ఒకటి అని మనసులో పెట్టుకుని మాట్లాడితే, ఆ పునీతుల పుస్తకాలు చదివిన ఫలం ఏమిటి?

ఎడారి బావి:
మీ అమ్మగారి గురించి నేను ఒక్క మాటా అనలేదు.

ఉపదేశి మనవడు:
పేరు పెట్టి అనలేదు.

కొవ్వొత్తి:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మీరిద్దరూ చెబుతున్నది మీ అమ్మల గురించే. ఒక అమ్మను జపమాల నిలబెట్టింది. ఇంకో అమ్మకు అదే భక్తి పేరుతో ఎవరో లెక్క చూపించారు. ఇంకో పునీతురాలు లిసియూ చిన్న తెరేసమ్మ గురించి ఇక్కడ ఎవరూ ఎందుకు ఎత్తలేదో నాకు తెలియదు. ఒంటరిగా జపమాల చెప్పడం ఎంతో కష్టంగా ఉండేదని, ఎంత ప్రయత్నించినా దేవరహస్యాల మీద మనసు నిలిచేది కాదని ఆమె దాచకుండా రాసుకున్నారు. మనసు పూర్తిగా ఎండిపోయినప్పుడు ఒక పరలోక జపం, ఆ తరువాత ఒక మంగళవార్త జపం మాత్రం చాలా నెమ్మదిగా చెప్పుకునేవారు. అవి తన ఆత్మకు ఆహారమయ్యేవని చెప్పారు. జపమాల సాఫీగా సాగని ఆమెను 1997లో శ్రీసభ పండితురాలిగా, అంటే అందరికీ బోధించదగ్గ గురువుగా ప్రకటించారు. మరి మనం ఒకరికి ఒకరం ఏ లెక్క అడుగుతాం?

ఎడారి బావి:
నాకు కావలసింది అదే. రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ గురించి వెలువరించిన పత్రంలో ఒక వాక్యం ఉంది: పునీతుల పట్ల నిజమైన భక్తి బాహ్య క్రియలను పెంచుకుంటూ పోవడంలో కంటే మన ప్రేమ గాఢతలో ఉంటుందని. ఉపదేశి మనవడు గారూ, మీ అమ్మగారి దగ్గర ఆ ప్రేమ ఉంది, ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అందరికీ అలా రాదు. రానివాళ్ళకు ఎవరు నేర్పుతారు? ఎన్ని పూసలు, ఎన్ని రోజులు అన్నది మాత్రమే చెప్పి వదిలేస్తే, పని జరిగితే గొప్ప, జరగకపోతే మన తప్పు అన్న మతమే మిగులుతుంది.

ఉపదేశి మనవడు:
నేర్పాలి. కానీ ఎక్కడ నేర్పాలి? జపమాల చెప్పే చోటే, జపమాలతోనే. కొవ్వొత్తి గారు చెప్పినట్టు ఒక పదిని నెమ్మదిగా చెప్పించండి, దేవరహస్యానికి ముందు బైబిల్ సువిశేషంలో నాలుగు వచనాలు చదివించండి. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ వారు 1609 నాటి తమ పుస్తకంలో, నోటి ప్రార్థన మధ్యలో మనసు మౌనం వైపు లాగితే వెళ్లనివ్వమన్నారు. అనుకున్నది పూర్తి కాలేదని దిగులు పడవద్దనీ అన్నారు. జపమాల చెప్పమన్నదీ ఆయనే. రెండూ ఒకే మనిషి చెప్పాడు.

ఎడారి బావి:
దిగులు పడవద్దు అన్న మాట మా అమ్మకు చదివి వినిపిస్తాను.

కానీ ఒక విషయంలో మీతో కలవలేను. అడగడమే ప్రార్థన అన్నట్టు నవదిన ప్రార్థనలను నడిపిస్తున్నాం. ఎదుగుదల అంటే అడగడం తగ్గి, ఇచ్చినదాన్ని స్వీకరించడం పెరగడం అని నేను నమ్ముతాను.

ఉపదేశి మనవడు:
నేను నమ్మను. పరలోక జపంలో అనుదిన ఆహారం అడగమని నేర్పింది ప్రభువే. గెత్సేమనిలో ఈ పాత్రను తొలగించమని అడిగిన తరువాతే "నీ చిత్తమే" అన్నారు, అడగకుండా అనలేదు. మా అమ్మ చివరి దాకా అడుగుతూనే ఉంది. అడిగినవి చాలా వరకు దొరకలేదు. అడగడం మాత్రం ఆపలేదు. దాన్ని చిన్నపిల్లల ప్రార్థన అనుకుంటే, నాకు ఆ ప్రార్థనే చాలు.

తొమ్మిదో రోజు:
ఎడారి బావి గారూ, మీ అమ్మగారి కోసం ఈ రాత్రి జపమాల చెబుతాను. రోజులు లెక్కపెట్టను.

ఎడారి బావి:
చెప్పండి. నెమ్మదిగా చెప్పండి.