కోడలి పుట్టింటోళ్లకు నవ్యాచా సణ్ భోజనాలు: పదివేలల్ల ఎల్లుతదా?

బల్లార్షా అత్తమ్మ

అందరికి నమస్తే. మాది మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్, బల్లార్షా అని కూడ అంటరు. మా ఆయన బొగ్గు గనిల చేసి రిటైర్ అయిండు, కొడుకు కూడ గనిలనే. కోడలు ఠాణే పిల్ల, బెనె ఇస్రాయేల్ యూదుల ఇంటి ఆడబిడ్డ. వాళ్లింట్ల మరాఠీనే మాట్లాడ్తరు కాబట్టి మాటకు మాకేం ఇబ్బంది లేదు. వాళ్ల కొత్త సంవత్సరం పండుగను నవ్యాచా సణ్ అంటరట. ఈసారి అది మా ఇంట్ల చేద్దాం రాండ్రి అని నేనే ఫోన్ చేసి పిలిచిన. వియ్యంకుడు, వియ్యపురాలు, కోడలి తమ్ముడు, మేనమామ, అత్త, అమ్మమ్మ వస్తున్రు. మాతోని కలిపి 11 మందిమి.

తారీఖులు చూడుండ్రి. పండుగ 2026 సెప్టెంబర్ 11 శుక్రవారం పొద్దుగూకంగ మొదలైతది, 13 ఆదివారం చీకటి పడేదాక. తెల్లారి 14 తారీఖు మన వినాయక చవితి. ఎడ్ల పండుగ పోలా కూడ ఆ రోజులల్లనే. అంటే బజార్ల ఏది ముట్టుకున్నా మండుతది.

నా దగ్గర భిశీ (చీటీ) ఎత్తిన పైసలు 10,000 ఉన్నయి. ఈ పండుగ, చవితి రెండూ అండ్లనే ఎల్లాలె, అప్పు చెయ్య. నేను రాసుకున్న లెక్క ఇది: మటన్ 4 కిలోలు 3,200, కొత్త కుకర్, గిన్నెలు 4,000, వైన్ 1,500 (ప్రార్థనకు కావాలంటరు కద), హల్వాకు బాదం పిస్తాలు 1,500, మిఠాయి డబ్బాలు 1,000, బియ్యం కూరగాయలు 1,000, పండ్లు 900, మంచి ఖర్జూరం 800. మొత్తం 13,900. చవితి ఖర్చు అండ్ల లేనే లేదు.

కోడలినడిగితే "ఏమొద్దత్తమ్మా, ఉన్నదాంతోనే చేసుకుందాం" అంటది. మా ఖర్చు చూసి అది తన ఇష్టాలు చంపుకుంటున్నదని నాకెరుకే. అందుకే మిమ్మల్ని అడుగుతున్న. ఏది తప్పనిసరి, ఏది లేకున్నా నడుస్తది? అమ్మమ్మ నియమాలు గట్టిగ పాటించే మనిషి. ఆమె మా ఇంట్ల కడుపునిండ తినాలె. రెండు అరటిపండ్లు తిని పక్కకు కూసుంటే నేను తట్టుకోలేను.

ఠాణేలో చంద్రపూర్ పిల్ల

అక్కా, నేను పుట్టింది చంద్రపూర్‌లో, పెళ్లయి ఠాణేకు వచ్చాను. 1879లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్, ఈ ఊళ్లోనే ఉంది. మా పక్కింటి మావుషీ (పిన్ని అని పిలుస్తాను) వాళ్లు బెనె ఇస్రాయేల్. పండుగ వచ్చిందంటే ఆమె వంటింట్లో నేను చెయ్యందిస్తాను. అక్కడ చూసిందే చెప్తున్నా.

ముందు ఆ మటన్ కొట్టేయండి. వాళ్ల పద్ధతి నేర్చుకున్న మనిషి, వాళ్ల నియమం ప్రకారం కోసిన మాంసమే వాళ్లు తింటారు. బల్లార్‌పూర్‌లో మీరు ఎంత పెట్టి కొన్నా అమ్మమ్మ దాన్ని ముట్టదు. చేపకు ఆ పట్టింపు లేదు. రెక్కలూ పొలుసులూ ఉంటే చాలు. రవ్వ, బొచ్చె హాయిగా తింటారు. వాలుగ, జెల్ల, రొయ్యలు, పీతలు మాత్రం ఇంటికి తేవద్దు. పండుగ బల్ల మీద చేప తల పెట్టే ఆచారం కూడా ఉంది, ఏడాదంతా తలలా ముందుండాలని కోరుకుంటారు. కాబట్టి రవ్వ కొంటే అదీ తీరిపోతుంది. మీ 3,200 ఇక్కడే 900కు దిగుతుంది.

మీ లెక్కలో రాని సంగతి ఇంకొకటి ఉంది. భోజనం ఒక్క పూటది కాదక్కా, నాలుగు పూటలది. శుక్రవారం రాత్రి, శనివారం మధ్యాహ్నం, శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం. ఈసారి మొదటి రోజు శనివారం పడింది, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం సబ్బాత్ కూడా. ఆ రోజు నిప్పు ముట్టించరు, వండరు. శనివారం మధ్యాహ్నం తినేది కూడా శుక్రవారం పొద్దు గుంకక ముందే పొయ్యి దిగాలి. మన వైపు అప్పుడు ఆరుంబావు దాటితే సూర్యుడు పోతాడు, మీరు ఐదున్నరకే అయిపోవాలని పెట్టుకోండి. శనివారం రాత్రి నక్షత్రాలు కనబడ్డాక పండుగ వంట చేసుకోవచ్చు, కానీ అగ్గిపుల్ల గీయకూడదు. ముందునుంచి వెలుగుతున్న మంటనుంచి అంటించుకోవాలి. మావుషీ శుక్రవారమే పెద్ద ప్రమిదలో నిండా నూనె పోసి దీపం పెడుతుంది. దాని దగ్గర చిన్న పుల్ల అంటించి స్టవ్ వెలిగిస్తుంది. మనకు అఖండ దీపం తెలియంది కాదుగా, అర లీటరు నూనె పక్కన పెట్టండి.

స్టవ్ వెలిగించడం, గిన్నె పొయ్యి మీద పెట్టడం మీ కోడలి చేత్తో జరగనివ్వండి. తరగడం, రుబ్బడం, కలపడం మీరు ఎంతైనా చేయొచ్చు. అమ్మమ్మ నిశ్చింతగా తినడానికి ఇది మీరు కొనే ఏ వస్తువు కన్నా ఎక్కువ పనికొస్తుంది, ఖర్చూ లేదు.

కుకర్ కొనొద్దు. కొత్త మట్టికుండలు నాలుగు, మూతలతో. అన్నానికి ఒక స్టీలు గుండిగ, రెండు గరిటెలు, ఒక కత్తి. కొత్త స్టీలు సామాను వాడే ముందు నీళ్లలో ముంచే పద్ధతి ఒకటుంది, అది కోడలు చూసుకుంటుంది. టెంట్ హౌస్ గిన్నెలు అద్దెకు తేవద్దు, వాటిలో ఏం వండారో ఎవరికి తెలుసు. తినడానికి మోదుగాకు విస్తళ్లు వేయండి, కంచాల గొడవే ఉండదు.

గోల్ బజార్ కిరాణా

చెల్లె, నేను బజార్ సంగతి చెప్త. చవితి వారం కొబ్బరికాయ, అరటి, పూలు మూడూ ఎగుతయి. కొబ్బరికాయలు పది రోజుల ముందే కొను. పీచు తీయకుండ ఉంచితే ఏం కాదు. చెవి దగ్గర పెట్టి ఊపి నీళ్ల చప్పుడు ఇను. చవితికి కావలసినయి కూడ అప్పుడే తీసుకుంటే ఒక్క బేరంల అయిపోతది.

ఆపిల్ గురించి రంది పెట్టుకోకు. సెప్టెంబర్ అంటే హిమాచల్, కశ్మీర్ కాయ దిగే కాలం, ఏడాదిల ఆపిల్ సస్తగ దొరికే రోజులవే. పక్కింటామెతోని కలిసి పెట్టె తీసుకుని సగం సగం పంచుకో. ఖర్జూరం డబ్బాలది వద్దు, విడిగ కిలో లెక్కన దొరికేది మెత్తగ ఉంటే చాలు. బియ్యానికి వేరే ఆలోచన ఎందుకు, మన హెచ్‌ఎంటీ ఉండంగ? మన చంద్రపూర్ జిల్లా నాందేడ్ ఊరి రైతు దాదాజీ ఖోబ్రాగడే ఎన్నేండ్లో ఏరి ఏరి నిలబెట్టిన వడ్లవి. సన్నగ, పువ్వోలె ఉంటది అన్నం. ఠాణే చుట్టాలకు ఆ సంగతి చెప్పి మరీ వడ్డించు.

గ్యాస్ గురించి ఎవరూ చెప్పలే. శుక్రవారం పొద్దున్నుంచి పొయ్యి ఆగదు. నిండు సిలిండర్ ఇంకొకటి ఇంట్ల లేకుంటే పండుగ నడుమ చిక్కుల పడ్తవ్. అది 900 అని రాసుకో.

సిరొంచ మాస్తర్

అమ్మా, వైన్‌కు 1,500 ఎందుకు? మా గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి మద్యం బందు. మరి మా దిక్కు యూదుల ఇల్లు ఉంటే ప్రార్థన ఆగుతదా? బెనె ఇస్రాయేల్ వాళ్లు ఎండుద్రాక్ష షర్బత్‌తోనే ఆశీర్వాదం చదువుతరు, అది వాళ్ల పాత ఆచారమే. నల్ల ఎండుద్రాక్ష కడిగి, రాత్రి నీళ్లల్ల నానబెట్టి, తెల్లారి ఉడికించి, పిసికి, బట్టల వడగట్టుడే. అర కిలో చాలు. శుక్రవారం పొద్దుగాలనే చేసి సీసాల పెట్టుండ్రి.

చేప సంగతి. మాది ప్రాణహిత ఒడ్డు, చేప కొనుడు మాకు చిన్నప్పటినుంచి అలవాటు. బజార్ల కోయించొద్దు. అమ్మేటామె కత్తి అదే పూట వాలుగను కోసి ఉంటది, జెల్లను కోసి ఉంటది. పొలుసు తీయకుండ నిండు చేప ఇంటికి తెచ్చి మీ కొత్త కత్తితోని కోసుకోండి. పొలుసు కండ్లకు కనబడాలె, గోరుతోని గీకితే తోలు చినగకుండ ఊడి రావాలె. అమ్మమ్మకు ఆ చేప కోయకముందే చూపించుండ్రి, ఆమెకు సగం ధైర్యం అప్పుడే వస్తది. రెండు కిలోల రవ్వలు రెండు తీసుకోండి. ఒకటి శుక్రవారం పులుసుకు. ఇంకొకటి ముక్కలు చేసి ఫ్రిజ్ లోపల పెట్టి శనివారం రాత్రి వండుకోవాలె, నడుమల కొనుడు ఉండదు కద.

బల్లార్షా అత్తమ్మ

మీకందరికి ఎంత చెప్పినా తక్కువే. నాలుగు పూటలన్న మాట చదివి ఒక్కసారి గుండె జల్లుమన్నది గని, మటన్, వైన్, కుకర్ పోయినంక మళ్ల ఊపిరి పీల్చుకున్న.

ఇంకో రెండు అడుగుత. శనివారం మధ్యాహ్నానికి పొయ్యి లేదంటున్రు కద, పులిహోర చేసి పెడితే ఎట్లుంటది? మనకు ప్రయాణాలకు కూడ అదే కద, చెడిపోదు. రెండోది హల్వా. కోడలు పెండ్లైన కొత్తల ఒకసారి చెప్పింది, వాళ్ల అమ్మమ్మ చేసే చిక్‌చా హల్వా లేంది ఆ పండుగ పండుగ కాదని. బాదం పిస్తా తగ్గిస్తే దాని రుచి పోతదా?

ఠాణేలో చంద్రపూర్ పిల్ల

పులిహోర మంచి ఆలోచనే కానీ ఈ పండుగకు వద్దక్కా. ఏడాది తియ్యగా మొదలవ్వాలని చాలా ఇళ్లలో పులుపు, వెనిగర్ దూరం పెడతారు. చేపల పులుసులో కూడా చింతపండు మానేసి కొబ్బరిపాలు పోయండి. శనివారానికి నూనెతో బగారా అన్నం, అలసందల కూర, గుమ్మడికాయ తీపి కూర చేయండి. ఆ పూట చేప ఉండదు కాబట్టి చివర పెరుగన్నం పెట్టొచ్చు. చేప ఉన్న పూట పెరుగు, పాలు బల్ల మీదికి తేవద్దు, కొన్ని ఇళ్లలో ఆ రెండూ కలపరు. అన్నం శుక్రవారం సాయంత్రం దింపి, గుండిగ మూత తీసి పూర్తిగా ఆరనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. సెప్టెంబర్ ఉక్కకు బయట వదిలితే తెల్లారేసరికి వాసన వస్తుంది.

అలసందలు, గుమ్మడి అని ఊరికే అనలేదు. పండుగ రాత్రి ఒక్కొక్కటి కొంచెం కొంచెం తిని దీవెన చదువుతారు: తేనెలో ముంచిన ఆపిల్, ఖర్జూరం, దానిమ్మ, గుమ్మడికాయ, అలసందలు, బీట్‌రూట్ ఆకు, ఉల్లికాడ లాంటిది. నోటికి ఒక ముక్క చాలు, కిలోలు అక్కర్లేదు. మిగిలింది కూరలోకి వెళ్తుంది. ఆకులు మాత్రం పురుగు లేకుండా ఒక్కొక్కటీ వెలుతురులో చూసి కడగాలి. రెండో రాత్రికి ఆ ఏడాది ఇంకా తినని కొత్త పండు ఒకటి కావాలి. సీతాఫలం అప్పుడప్పుడే వస్తుంటుంది, అది దాచండి. ముందే రుచి చూడొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి!

ఇక హల్వా. దాని ప్రాణం గోధుమ పాలు, కొబ్బరిపాలు. మీరు ఎండాకాలం కుర్డయీలకు (గోధుమ పాల వడియాలకు) గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీస్తారు కదా, అచ్చం అదే పని. తేరిన నీళ్లు వంచేసి అడుగున మిగిలిన చిక్కటి పాలలో కొబ్బరిపాలు, చక్కెర, చిటికెడు ఉప్పు వేసి కలుపుతూనే ఉండాలి. మొదట పల్చటి గంజిలా ఉంటుంది. తర్వాత గరిటెకు బరువు తెలుస్తుంది. అక్కడ ఆపేస్తే ముక్క తెగదు. గిన్నె అంచులు వదిలి ఒకే ముద్దగా తిరిగి, వేలితో తాకితే అంటకుండా మెరిసేదాకా తిప్పాలి. గంటల పని, చేతులు మార్చుకుంటూ చేయాలి. నెయ్యి పడదు. యాలకులు, కొద్దిగా గులాబీ రంగు. బాదం పైన చల్లడానికే, 250 గ్రాములు సన్నగా తరిగితే రెండు పళ్లేలకు సరిపోతుంది. పిస్తా లేకపోయినా ఎవరూ అడగరు. మిఠాయి డబ్బాలు కొనకండి, ఈ హల్వా ముందు అవి ఎవరు తింటారు? కుదిరితే అమ్మమ్మను గురువారమే రమ్మని, ఆమెతోనే గరిటె తిప్పించండి.

ఒక్క జాగ్రత్త. చవితి సామాను వేరే గదిలో పెట్టండి. దేవుడికి నైవేద్యం పెట్టింది వాళ్లు తినరు. ఆదివారం చీకటి పడ్డాక మీ మోదకాల పని మొదలుపెట్టుకోవచ్చు, అప్పటికి వాళ్ల పండుగ అయిపోతుంది.

బల్లార్షా అత్తమ్మ

ఇయ్యాల కోడలిని పక్కకు కూసోబెట్టుకుని కొత్త లెక్క రాసిన. రవ్వలు 900. కుండలు, గుండిగ, కత్తి, గరిటెలు 1,500. ఎండుద్రాక్ష 250, ఖర్జూరం 400. హల్వాకు కొబ్బరికాయలు, చక్కెర, బాదం కలిపి 700, గోధుమలు ఇంట్లనే ఉన్నయి. పండ్లు, తేనె 1,200. బియ్యం, పప్పులు, కూరగాయలు, రొట్టెలకు మైదా 1,500. విస్తళ్లు 150, సిలిండర్ 900, దీపం నూనె 100. మొత్తం 7,600. మిగిలిన 2,400 చవితికి. గణపతిని ఈసారి చిన్న మట్టి బొమ్మ తెస్త అన్నడు మా ఆయన.

లెక్క అయినంక కోడలు పెన్ను గుంజుకుని ఖర్జూరం ముందట "అర కిలో ఎక్కువ" అని రాసింది. అమ్మమ్మకు ఇష్టమట. ఇన్నాళ్లు ఏమడిగినా వద్దు వద్దన్న పిల్ల తనంతల తాను ఒకటి కావాలన్నది. అది 200 ఎక్కువైనా తెస్త, చవితి పూలల్ల తగ్గించుకుంట.

మాస్తర్ గారు చెప్పినట్టు చేప కోయకముందు అమ్మమ్మకు చూపిస్త. అమ్మమ్మతోని ఫోన్ల మాట్లాడిన, గురువారం పొద్దున్నే దిగుతనన్నది. గోధుమలు ఎప్పుడు నానబెట్టాల్నో ఆమెనే అడిగి పెట్టుకున్న.

బల్లార్‌పూర్ నుంచి ఎవరన్న ఆ ముందటి వారం చంద్రపూర్ పోతున్రా? గోల్ బజార్ల విడి ఖర్జూరం కిలోన్నర, మూత గట్టిగున్న కుండలు నాలుగు తెచ్చిపెట్టుండ్రి. పైసలు ముందే ఇస్త, పండుగ అయినంక హల్వా పంపిస్త.