సూది పరీక్షలో తేలని థైరాయిడ్ గడ్డ: మిథైలేషన్ పరీక్షను నమ్మి ఆపరేషన్ ఆపొచ్చా?

పటమట అక్క:
మా చెల్లికి మెడలో గడ్డ. సూర్యారావుపేటలో సూది పరీక్ష చేయిస్తే రిపోర్టులో ‘బెథెస్డా 4’ అని వచ్చింది. క్యాన్సర్ అని కాదు, కాదనీ కాదు. సగం గ్రంథి తీసి చూద్దామన్నారు సర్జన్ గారు. తీరా తీశాక మామూలు గడ్డే అని తేలితే? జన్యువుల మీద మిథైల్ గుర్తులు చూసి ముందే చెప్పే పరీక్షల గురించి చదివాను. వాటిని నమ్మి ఆగొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

కొత్తపేట పాథాలజీ, గుంటూరు:
వాటిని నమ్మి మాత్రం ఆగొద్దమ్మా. బెథెస్డా 4 అంటే ఫాలిక్యులర్ అనే రకం గడ్డ కావొచ్చన్న అనుమానం. అలాంటి గడ్డ క్యాన్సరా కాదా అన్నది కణం రూపు చూసి చెప్పలేం. చుట్టూ ఉన్న పొరలోకో, రక్తనాళంలోకో చొచ్చుకెళ్లిందా అని చూడాలి. సూదిలో వచ్చేవి కణాలే, పొర రాదు. ఆ లోటు మిథైలేషన్ తీరుస్తుందని మేమూ ఆశపడ్డాం. ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ జన్యువునే తీసుకోండి. కణాన్ని అదుపులో ఉంచేది అదే. మిథైల్ గుంపులు చేరితే దాని పని ఆగిపోతుంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది కనిపిస్తుంది, నిజమే. కానీ ప్రమాదం లేని అడినోమా గడ్డల్లోనూ కనిపిస్తుంది! ఇక దాన్నిబట్టి ఏం తేల్చను?

నంబూరు బయోటెక్:
సార్, ఒక్క జన్యువును చూపించి మొత్తం పద్ధతినే కొట్టేస్తే ఎలా? చాలాచోట్ల మిథైలేషన్‌ను కలిపి చూడాలి. జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ముక్కలు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. వాటినీ కొందరు మిథైలేషన్‌లాగే ఎపిజెనెటిక్స్‌లోనే, అంటే జన్యువు రాత మారకుండా పని మారే తీరులోనే లెక్కేస్తారు. వాటిలో 146బి, 221, 222 నంబర్లవి థైరాయిడ్‌లో ఎక్కువగా వచ్చే పాపిల్లరీ క్యాన్సర్‌లో బాగా పెరుగుతాయి. అమెరికాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను మ్యుటేషన్లతో, అంటే జన్యువు రాతలో మార్పులతో కలిపి సరిగ్గా ఇలాంటి గడ్డలకే పరీక్షిస్తున్నారు. కోయడం చిన్న విషయమేం కాదు. సగమే తీసినా కొందరికి జీవితాంతం థైరాక్సిన్ మాత్ర తప్పదు. దక్షిణ కొరియాలో 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం మారలేదు. అన్ని ఆపరేషన్లూ అవసరమైనవేనా?

కొత్తపేట పాథాలజీ, గుంటూరు:
కొరియా సంగతి వేరు బాబూ. అక్కడ స్క్రీనింగ్‌లో ఎక్కువగా బయటపడినవి చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు. ఈ అమ్మాయిది ఫాలిక్యులర్ అనుమానం, 146బి గట్టిగా పనికొచ్చేది పాపిల్లరీకి. కలిపి చూడాలన్న మాట ఒప్పుకుంటాను. అమ్మా, గడ్డ సైజెంత? అల్ట్రాసౌండ్‌లో అంచులెలా ఉన్నాయి? ముందు ఆ స్లైడ్లను ఇంకో పాథాలజిస్టుకు చూపించండి. బెథెస్డా 3, 4 దగ్గర ఇద్దరు చూస్తే రెండు మాటలు రావడం మామూలే.

పటమట అక్క:
2.8 సెంటీమీటర్లండి. అంచులు నున్నగానే ఉన్నాయని రాశారు. స్లైడ్లు ఇమ్మని రేపే ల్యాబ్‌లో అడుగుతాను.