డైవర్టిక్యులైటిస్ (పెద్దపేగు గోడలో ఏర్పడిన చిన్న సంచులు వాయడం) అని సీటీలో తేలాక కూడా యాంటీబయాటిక్ రాయకపోతే నిర్లక్ష్యం కాదా?

పాతచీటీ: ఎడమ పొత్తికడుపులో నొప్పి, 101 జ్వరం. సీటీలో సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి మలుపు) గోడ మందంగా ఉంది, చీముగడ్డ లేదు, పేగు చిల్లుపడలేదు, ‘అన్‌కాంప్లికేటెడ్’ అని రిపోర్టు. ఇలాంటి పేషెంటుకి పారాసెటమాల్ రాసి, గంజి తాగి 48 గంటల్లో మళ్లీ రమ్మంటే దాన్ని వైద్యం అంటారా? ముందు గ్యాస్ అని పాంటాప్రజోల్, తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని ఇంకోటి. తీరా జబ్బు పేరు తెలిశాక మందే లేదంటారు.

సిగ్మాయిడ్_మలుపు: లేదనలేదండీ, అక్కర్లేదన్నారు. స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 623 మందితో చేసిన అవోడ్ ట్రయల్ 2012లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో 528 మందితో చేసిన డయాబోలో 2017లో. యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ కాంప్లికేషన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015లోనే అమెరికన్ గ్యాస్ట్రో అసోసియేషన్ అందరికీ ఇవ్వొద్దు, మనిషిని చూసి ఇవ్వమంది.

పల్లీచెక్క: అసలు గింజలు మానేస్తే సరి. నువ్వులు, జామ, టమాటా గింజలు ఆ సంచుల్లో ఇరుక్కుంటాయి.

సిగ్మాయిడ్_మలుపు: ఆ మాటకి 2008లోనే కాలం చెల్లింది. 47 వేల మంది మగవాళ్లని 18 ఏళ్లు గమనించారు. నట్స్, పాప్‌కార్న్ ఎక్కువ తిన్నవాళ్లకి ఈ జబ్బు తక్కువే వచ్చింది.

పల్లీచెక్క: నువ్వుల సంగతి అందులో ఉందా?

పాతచీటీ: నువ్వులు తర్వాత. ఆ డయాబోలోలో కోలుకోడానికి మందు వాడినవాళ్లకి 12 రోజులు, వాడనివాళ్లకి 14. తేడా లేదని ఎలా అంటారు? కూలికెళ్లేవాడికి రెండ్రోజులంటే రెండ్రోజుల కూలి.

సిగ్మాయిడ్_మలుపు: గణాంకాల లెక్క ప్రకారం అది తేడా కిందికి రాదు, అంత తేడా యాదృచ్ఛికంగా కూడా రావొచ్చు. నాలుగుసార్లు అడిగినా నాది ఇదే జవాబు.

క్యాజువాల్టీ_బెంచి: మీ 12, 14 గొడవలో అసలుది పోతోంది. డాక్టరు పట్టించుకోవాలంటే ‘కడుపునొప్పి, గ్యాస్’ అని మొదలుపెట్టకండి, ఆ మాటతోనే పాంటాప్రజోల్ వచ్చేస్తుంది. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, జ్వరం ఎంత చూశారు, విరేచనం ఎలా ఉంది, ఇదివరకు ఇదే చోట వచ్చిందా, ఈ ఐదూ చెప్పండి. పాత సీటీ రిపోర్టు కాగితంతోపాటు సీడీ కూడా పట్టుకెళ్లండి. అల్ట్రాసౌండులో పేగు గాలి అడ్డొస్తే కనపడకపోవచ్చు, ‘నార్మల్’ అని వచ్చిందని వదిలేయొద్దు. కాంట్రాస్ట్ సీటీ (రంగు మందు ఎక్కించి తీసేది) అడగండి, దానికి ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్ చూస్తారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 150 దాటితే లోపల గడ్డ కట్టిందేమో అని అనుమానించాలి. నొప్పి కుడివైపున్నా ఇది కాదనుకోవద్దు. ఆసియావాళ్లలో కుడివైపు రావడం మామూలే, అపెండిసైటిస్ అని పొరబడతారు. మూత్రంలో బుడగలు, గాలి వస్తుంటే అది మళ్లీ మళ్లీ వచ్చే యూరిన్ ఇన్‌ఫెక్షన్ కాకపోవచ్చు, పేగుకీ మూత్రాశయానికీ దారి పడి ఉండొచ్చు.

ఇంకోటి. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పికి పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఈ జబ్బులో చెడ్డది, చిల్లుపడే ప్రమాదం పెంచుతుంది. పారాసెటమాలే వాడాలి.

పాతచీటీ: చెప్పారు బాగుంది. కానీ కాంట్రాస్ట్ సీటీకి డబ్బు కట్టించుకుని, చివరికి గంజి తాగమని పంపడం దారుణమే.

సిగ్మాయిడ్_మలుపు: సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం అనుకునేవాళ్లున్నంత కాలం ఇంతే. చీటీ నిండా మందులుంటే మీకు గౌరవం.

పాతచీటీ: మీకేం, మీ వీధి చివరే స్కానింగు సెంటర్ ఉంటే ట్రయల్స్ అప్పజెప్పడం తేలికే.

అడ్మిన్: ఇద్దరూ తగ్గండి. సబ్జెక్టు మీద రాయండి.

పాతచీటీ: సబ్జెక్టే రాస్తున్నా. ‘48 గంటల్లో మళ్లీ రండి’ అన్నారు కదా, మీ స్వీడన్ పద్ధతి మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. నొప్పి పెరిగినా, జ్వరం తగ్గకపోయినా ఆ రాత్రే వచ్చి మళ్లీ సీటీ తీయించుకోగలగాలి. రంపచోడవరం అవతల కొండ మీది ఊరి నుంచి సాయంత్రం బస్సు పోయాక ఎవడు వస్తాడు? మందు రాయలేదన్న బాధ కాదు నాది. రాలేనివాడిని రాగలిగేవాడిలా చూశారని.

సిగ్మాయిడ్_మలుపు: ఇదేదో మొదటి పోస్టులోనే రాయాల్సింది.

ట్రయల్స్‌లో రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లని, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకడం) ఉన్నవాళ్లని తీసుకోలేదు. స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, ఒంట్లో బాగా నీరసించినవాళ్లకి ఇప్పటికీ యాంటీబయాటిక్ ఇస్తారు. దూరాన్ని కూడా ఆ లిస్టులో కలపాలంటే నేను కాదనను. కానీ అది డాక్టరుకి తెలియాలి. ‘ఇంటికి ఇంత దూరం, రాత్రి బండి దొరకదు’ అని పేషెంటు నోరు తెరిచి చెప్పి, కేస్ షీటులో రాయించుకోవాలి.

పాతచీటీ: అడగాల్సింది డాక్టరు.

సిగ్మాయిడ్_మలుపు: ఓపీలో వందమంది నిలబడ్డప్పుడు అడగరు.

క్యాజువాల్టీ_బెంచి: రాస్తే మామూలుగా అమాక్సిసిలిన్-క్లావులనేట్, లేదా సిప్రోఫ్లాక్సాసిన్‌తో మెట్రోనిడజోల్, నాలుగు నుంచి ఏడు రోజులు. డాక్టరు రాస్తేనే, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. మెట్రోనిడజోల్ మీద కల్లు, సారా, ఏ మద్యమూ ముట్టకూడదు. నొప్పి తగ్గేదాకా గంజి, పలచటి మజ్జిగ, మెత్తటి అన్నం. ఇసబ్‌గోల్, ఆకుకూరలు, జొన్నరొట్టె తగ్గాకే, అదీ నీళ్లు బాగా తాగుతూ మెల్లగా పెంచాలి. ఈమధ్య కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూడటం) చేయించుకోనివాళ్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చేస్తారు. వాపు ఉన్నప్పుడే చేస్తే చిల్లుపడొచ్చు.

పల్లీచెక్క: నువ్వులుండలు తినొచ్చో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు.