బ్యారీ శాండర్స్ 1999లో అలా వెళ్లిపోవడం న్యాయమేనా?

పాంటియాక్_ప్రసాద్:
మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర లేచిన గొడవ ఇది. అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మిషిగన్‌కు కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. బ్యారీ శాండర్స్ డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో రన్నింగ్ బ్యాక్. బంతి చంకలో పెట్టుకుని, మీదపడే వాళ్లని తప్పించుకుంటూ పరిగెత్తడమే అతని పని. 1989 నుంచి 1998 దాకా పది సీజన్లు ఆడాడు. పదింట్లోనూ వెయ్యి యార్డులు దాటాడు. మొత్తం 15,269. అప్పటి రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726. ఇంకొక్క ఏడాది ఆడితే ఆ రికార్డు ఇతనిదే. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. వయసు 31. అలాంటిది 1999 జూలై ఆఖర్లో, ట్రైనింగ్ క్యాంప్ మొదలవబోతుందనగా, సొంతూరు విచిటాలోని పత్రికకి ఒక ఫ్యాక్స్ పంపి లండన్ విమానం ఎక్కేశాడు.

నేను 1996లో వచ్చాను. 1997 థాంక్స్‌గివింగ్ రోజు అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం, ఒక చిన్న టీవీ, పప్పుచారు అన్నం. ఆ రోజు షికాగో బేర్స్ మీద 167 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. ఆట రూల్స్ ఒక్కటీ తెలియకుండానే పళ్లాలు పట్టుకుని లేచి నిలబడ్డాం. ఈ ఊరు మనదే అని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే. అతను చేసింది న్యాయం కాదని నా అభిప్రాయం. మీరేమంటారు?

గజం_లెక్క:
సమం చేయడానికి 1,457 కావాలి, దాటడానికి 1,458. 1998లో చేసినవి 1,491. అదే ఆట మళ్లీ ఆడినా 33 యార్డులు మిగిలేవి.

వరంగల్_వేణు:
ప్రసాదన్నా, న్యాయం కాదంటే ఎవలకు న్యాయం కాదు? 153 ఆటలు, 3,062 సార్లు బంతి పట్టుకొని ఉరికిండు. దాదాపు ఉరికినప్పుడల్లా ఎవడో ఒకడు వచ్చి నేలకేసి కొట్టిండు. ఆయన ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఒళ్లు ఆయనది, నొప్పి ఆయనది, రికార్డు మాత్రం మనకు కావాల్నా?

టీమ్ సంగతి చూడు. పదేండ్లల్ల, సీజన్ అయినంక ఆడే ప్లేఆఫ్ ఆటలు ఆరు ఆడితే గెలిచింది ఒక్కటి. 1992 జనవరిల డాలస్ మీద 38-6. తర్వాతి ఆటల వాషింగ్టన్ చేతిల 41-10. పదేండ్ల చాకిరికి దక్కింది గంతే.

ట్రాయ్_సురేశ్:
డాలస్ రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్ నిలబడి ఆడాడు. 2002లో పేటన్‌ని దాటాడు. 18,355తో ముగించాడు. నిలబడ్డవాడిదే రికార్డు.

నోవై_కిరణ్:
ఎమ్మిట్ ముందు, అడ్డొచ్చేవాళ్లని తోసి దారి చేసే డాలస్ లైన్ ఉంది సార్. బ్యారీ ముందు ఎవరున్నారు?

పాంటియాక్_ప్రసాద్:
టీమ్ బాగాలేదు, ఒప్పుకుంటాను. కానీ వేణూ, 1997లో కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టినప్పుడు కూడా టీమ్ అదే కదా? 11 మిలియన్ డాలర్ల సైనింగ్ బోనస్ తీసుకున్నాడు. రెండు సీజన్లు ఆడి వెళ్లిపోయాడు. సంతకం పెట్టిన చెయ్యి ఎవరిది? బజార్లో సరుక్కి అడ్వాన్స్ తీసుకుని సగం పంపితే ఊళ్లో ఏమంటారు?

గజం_లెక్క:
బోనస్‌లో కొంత భాగం తిరిగి ఇవ్వాలని 2000లో మధ్యవర్తి తీర్పు వచ్చింది. కాబట్టి ఆ లెక్క తేలిపోయింది. బాకీ లేదు.

వరంగల్_వేణు:
బోనస్ మాట ఎత్తినవ్ కాబట్టి చెప్త. నేను ఒక కంపెనీల చేరినప్పుడు జాయినింగ్ బోనస్ ఇచ్చిన్రు. పద్నాలుగు నెలలు చేసిన. రాత్రి రెండు గంటలకు ఫోన్లు, పండుగ పూట ఫోన్లు. నడుముల డిస్క్ జారింది. మానేస్త అంటే, రెండేండ్లు నిండలేదు, బోనస్ అంతా వాపస్ కట్టు అన్నరు. సగం కాదు, అంతా. పద్నాలుగు నెలల పని లెక్కకే రాలే. క్రెడిట్ కార్డు మీద కట్టిన. బోనస్ అంటే బహుమానం అనుకుంటం గానీ అది మెడకేసే పలుపు. బ్యారీ విషయంలనైనా, తర్వాత లయన్స్‌ల ఆడిన కాల్విన్ జాన్సన్ విషయంలనైనా గిదే కథ. కాల్విన్ వెళ్లిపోయినంక గూడ మిలియన్ డాలర్లకు పైన వసూలు చేసిన్రు.

పాంటియాక్_ప్రసాద్:
నీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ నీ నడుము దెబ్బతింది. అతనికి ఏ దెబ్బా లేదు. ఆ తేడా చూడాలి.

లత_కాంటన్:
ప్రసాద్ గారూ, "దెబ్బ లేదు" అని మీరు అనడం ఇది రెండోసారి. నేను రిహాబ్‌లో పనిచేస్తాను. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకి మళ్లీ చెంచా పట్టుకోవడం నేర్పడం నా రోజువారీ పని. అందుకని ఒకటి గుర్తుచేస్తాను.

1991 నవంబర్‌లో లయన్స్ ఆటగాడు మైక్ అట్లీ మైదానంలో పడిపోయాడు. మోసుకెళ్తుంటే బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఛాతీ కింద నుంచి ఒళ్లు చచ్చుబడిపోయింది. 1992 వేసవిలో ఎరిక్ ఆండోల్సెక్ తన ఇంటి ముందే లారీ కింద పడి చనిపోయాడు. ఇద్దరూ బ్యారీకి దారి చేసిన లైన్‌లో వాళ్లే. ఇక 1997 డిసెంబర్ 21, సీజన్ చివరి ఆట, న్యూయార్క్ జెట్స్ మీద. బ్యారీ 2,000 యార్డులు దాటింది ఆ రోజే. 2,053తో ముగించాడు. స్టేడియం ఊగిపోవాల్సిన రోజు. కానీ ఆ ఆటలోనే రెజీ బ్రౌన్ అనే లైన్‌బ్యాకర్ కిందపడి కదల్లేదు. ఊపిరి ఆడలేదు. మైదానంలోనే కృత్రిమ శ్వాస ఇచ్చారు. రెండు టీమ్‌ల వాళ్లూ మోకాళ్ల మీద కూర్చున్నారు. బతికాడు, తర్వాత నడిచాడు కూడా, కానీ మళ్లీ ఆడలేదు.

పదేళ్లలో పక్కనున్న ముగ్గుర్ని అలా చూసిన మనిషికి దెబ్బ తగల్లేదని మనం ఎలా అంటాం? తగిలేదాకా ఆగమనడం, వైద్యం చేసేదాన్ని, నా నోట రాదు.

ఫార్మింగ్టన్_శేఖర్:
జిమ్ బ్రౌన్ కూడా 30 ఏళ్లకే వదిలేశాడు. ఎవరూ తప్పుపట్టలేదే?

పాంటియాక్_ప్రసాద్:
జిమ్ బ్రౌన్ 1964లో క్లీవ్‌ల్యాండ్‌కి ఛాంపియన్‌షిప్ తెచ్చి పెట్టి వెళ్లాడు.

లత గారూ, మీరు చెప్పినవన్నీ నిజం. ఆ ఆట నేనూ చూశాను. కానీ ఆ తర్వాత అతను 1998 మొత్తం ఆడాడు కదా? భయమైతే అప్పుడే ఆగేవాడు.

నేనొక్కటి చెప్తాను. 1998లో ఒకే ఒక్కసారి అప్పటి లయన్స్ స్టేడియం సిల్వర్‌డోమ్‌లో చూశాను. ఆ గుడారం కప్పు గాలి ఒత్తిడి మీదే నిలబడేది, తలుపులు తిరిగేవి, బయటికొస్తుంటే గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టుండేది. మా సీటు మరీ పైన, మనుషులు చీమల్లా కనిపించారు. అయినా 20 నంబర్ వాణ్ణి వెతుక్కోనక్కర్లేదు. అందరూ ఒక పక్కకి వెళ్తుంటే అతనొక్కడే ఆగేవాడు. ఆగి, ఒక్క అడుగు అటు వేసి ఇటు తిరిగేవాడు. పట్టుకోబోయినవాడు గాలిని కౌగిలించుకుని పడేవాడు. టచ్‌డౌన్ చేస్తే గంతుల్లేవు, కేకల్లేవు. బంతి రిఫరీ చేతిలో పెట్టి, ఆఫీసు నుంచి ఇంటికెళ్తున్నట్టు నడిచి వచ్చేసేవాడు. అంత మర్యాదస్తుడు! ఆ మర్యాద వెళ్లేటప్పుడు ఏమైంది?

గజం_లెక్క:
1997లో మొదటి రెండు ఆటల్లో కలిపి 53 యార్డులే. తర్వాత 14 ఆటల్లో వరసగా వందకి తగ్గలేదు, ఆ 14లో సరిగ్గా 2,000. భయపడేవాడి అంకెలు కావు ఇవి. వెళ్లిపోయేవాడి అంకెలూ కావు.

వరంగల్_వేణు:
నీ అంకెలు పక్కకు పెట్టు తమ్మీ. 1989ల మొదటి సీజన్ ఆఖరి ఆట. ఇంకో పదకొండు యార్డులు ఉరికితే లీగ్ మొత్తంల ఫస్ట్. కోచ్ పోతవా అని అడిగితే, ఆట గెలిచినం కదా, అక్కర్లేదు అన్నడు. ఫస్ట్ ప్లేసు క్రిస్టియన్ ఒకోయేకు పోయింది. మొదటి ఏడాదే అంకె మీద ఆశ లేనోడు పదేండ్లకు 1,458 కోసం ఉంటడా?

గజం_లెక్క:
సమం చేయడానికి 1,457.

పాంటియాక్_ప్రసాద్:
అదే నేనూ అంటున్నాను. మొదటి నుంచీ అతనికి చూసేవాళ్ల గొడవ పట్టలేదు. 80,000 మంది డబ్బులు పెట్టి వచ్చేవాళ్లు. ఫ్యాక్స్‌లో ఏం రాశాడు? ఆటలో ఉండాలన్న కోరిక కన్నా బయటపడాలన్న కోరిక ఎక్కువైందట. ఎందుకో చెప్పలేదు. కోచ్ మీద కోపమా, ఓనర్ల మీద కోపమా, ఏదీ లేదు. వేణూ, నీలాంటివాళ్లు దీన్ని సమర్థించడం వల్లే ఇవాళ పిల్లలు సోమవారం ఉద్యోగంలో చేరి శుక్రవారం మాయమవుతున్నారు. బాధ్యత అన్నది లేకుండా పోయింది.

వరంగల్_వేణు:
నాలాంటోళ్లు అంటే ఎవరన్నా? పదహారు గంటలు చేసి నడుము పోగొట్టుకున్నోడు బాధ్యత లేనోడా? ఇండ్ల కూసొని టీవీల చూసినోడు బాధ్యత ఉన్నోడా? నువ్వు ఎన్నడన్న ఒక్క దెబ్బ తిన్నవా?

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్తున్నారు. ఆట గురించి మాట్లాడండి.

పాంటియాక్_ప్రసాద్:
దెబ్బ తిన్నానా అని అడిగాడు కాబట్టి చెప్పాల్సిందే.

2009, ఇక్కడ జీఎం, క్రైస్లర్ దివాలాకి వెళ్లిన ఏడాది. నేను విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. మా గ్రూపులో ఏడుగురం ఉండేవాళ్లం, ముగ్గురు మిగిలాం. మాలో బాగా పనొచ్చినవాడు మా లీడ్. నాకంటే చిన్నవాడు, అయినా అతని దగ్గరే నేర్చుకున్నాను. కస్టమర్‌కి డెలివరీ సోమవారం. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి రెండు లైన్ల మెయిల్ వచ్చింది, ఇదే నా చివరి రోజు అని. ఫోన్ చేస్తే ఎత్తలేదు. శని, ఆదివారాలు నేను, ఇంకో అబ్బాయి ఆఫీసులోనే పడుకున్నాం. అతని ఫైళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. మా ఆవిడ అన్నం డబ్బా తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లింది. ఆ నెలాఖరుకి రెండో అబ్బాయిని తీసేశారు. వీసా మీద ఉన్నాడు, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

అతనికి మంచి ఉద్యోగం దొరికింది, వెళ్లాడు. వెళ్లొద్దని నేననేవాణ్ణి కాదు. ఒక్క మాట, బుధవారం చెప్తే మేం సిద్ధపడేవాళ్లం. క్యాంప్ ముందు రోజుల్లో వెళ్లిపోతే మిగిలినవాళ్లు ఎవర్ని తెచ్చుకుంటారు? అప్పటికి కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ అయిపోయింది. నాకు యార్డులు అక్కర్లేదు. 1,457 అయినా 1,458 అయినా ఒకటే. ఆ లైన్‌లో మిగిలినవాళ్ల గురించి నేను మాట్లాడుతున్నది.

లత_కాంటన్:
ప్రసాద్ గారూ, ఈ మాట ముందే చెప్పాల్సింది. ఇన్నాళ్లూ రికార్డు గురించి వాదిస్తున్నాం.

అయితే ఆ లైన్ సంగతే చూడండి. ఏళ్ల తరబడి బ్యారీ ముందు నిలబడ్డ సెంటర్ కెవిన్ గ్లోవర్. 1997 సీజన్ అయ్యాక టీమ్ అతన్ని వదిలేసింది. సాటివాళ్లని ముందు విడగొట్టింది ఎవరు?

వరంగల్_వేణు:
అన్నా, నీ సంగతి తెల్వక మాట జారిన. తప్పయింది.

కానీ నా మాట గూడ విను. నేను చెప్పి పోయినోణ్ని. నడుము నొప్పితోటి మేనేజర్ రూముకు పోయి, మానేస్తున్న అన్న. ఆయన తలుపేసి, కుర్చీ జరిపి, చాయ్ తెప్పించిండు. ఈ రిలీజ్ అయ్యేదాక ఉండు, టీమ్ ఆగమైతది అన్నడు. నీ లెక్కనే, మిగిలినోళ్ల పేరు చెప్పిండు. వాళ్ల మొహాలు నాకు కండ్ల ముందట తిరిగినయ్, ఉన్న. మూడు వారాలు అన్నది నాలుగు నెలలయింది. నాలుగో నెల పార్కింగ్‌ల కారు దిగలేకపోయిన. ఆపరేషన్ అయింది. ఇప్పటికీ బిడ్డను ఎత్తుకోలేను. మొదటి రోజే మెయిల్ పెట్టి పోయి ఉంటే నా నడుము నాకుండె.

చెప్పి పోవాలంటవ్. చెప్తే పోనిస్తరా అన్నా? ఆ కోచ్ రూముల కూసోబెట్టి, నీ సోపతిగాళ్లు ఏం కావాలె అని అడిగితే బ్యారీ లేవగలుగుతుండెనా? గంత మెత్తటోడు. నా లెక్కల ఆయనకు ఫ్యాక్స్ తప్ప తొవ్వ లేదు.

పాంటియాక్_ప్రసాద్:
మీ మేనేజర్ చేసింది తప్పు. దానికి శిక్ష నాతో ఆఫీసులో పడుకున్న అబ్బాయికి ఎందుకు పడాలి? కోచ్‌కి చెప్పొద్దు. పక్కనున్నవాడికి చెప్పొచ్చు కదా.

వరంగల్_వేణు:
పక్కనోడికి చెప్తే గంటల కోచ్‌కు తెలుస్తది.

పాంటియాక్_ప్రసాద్:
తెలిస్తే తెలియనీ. ఇక్కడ నువ్వూ నేనూ ఒప్పుకోం వేణూ, తెలుస్తూనే ఉంది.

ఫార్మింగ్టన్_శేఖర్:
2023లో లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట బ్యారీ విగ్రహం పెట్టారు. డెట్రాయిట్ క్షమించేసింది ప్రసాద్ గారూ.

పాంటియాక్_ప్రసాద్:
చూశాను. మా అమ్మాయితో ఫొటో కూడా దిగాను. అతని మీద నాకు ద్వేషం లేదు.

1999 సెప్టెంబర్‌లో మొదటి ఆట సియాటిల్‌లో. మా ఆఫీసులో అందరూ ఈసారి లయన్స్ అయిపోయారు అన్నారు. 28-20 గెలిచారు. ఆ ఏడాది టీమ్‌లో అందరికంటే ఎక్కువ పరిగెత్తిన గ్రెగ్ హిల్‌కి వచ్చినవి 542 యార్డులే. అయినా అంతా కలిసి ఈడ్చి 8-8 చేశారు, ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. అక్కడ వాషింగ్టన్ చేతిలో ఓడిపోయారు. ఇక్కడ ఇన్ని మెసేజ్‌లు నడిచాయి, ఆ టీమ్‌లో ఒక్కడి పేరు ఎవరూ రాయలేదు. నేనూ ఇప్పటిదాకా రాయలేదు.

వరంగల్_వేణు:
ఆ సియాటిల్ ఆట నేను చూడలే అన్నా. ఎట్ల గెలిచిన్రో చెప్పు.