చౌటుప్పల్ దగ్గర పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్: పోదామా, ఉన్న ఇంట్లోనే ఉందామా?

పానగల్ పంతులు
నమస్తే. రిటైర్డ్ టీచర్ని, 68 ఏళ్లు. మా ఆవిడకు రెండు మోకాళ్లూ పోయాయి. కొడుకు డల్లాస్‌లో, బిడ్డ కూకట్‌పల్లిలో. నల్లగొండలో రెండంతస్తుల ఇల్లుంది, పై పోర్షన్ కిరాయికిచ్చాం. చౌటుప్పల్ దగ్గర హైవే పక్కన సీనియర్ సిటిజన్ల కోసమని కట్టిన అపార్ట్‌మెంట్ చూసొచ్చాం. 20 లక్షల డిపాజిట్, ఇద్దరికీ భోజనంతో కలిపి నెలకు 35 వేలు. రిజిస్ట్రేషన్ ఉండదు, ఉన్నన్నాళ్లు ఉండొచ్చట. డిపాజిట్ వెనక్కి వస్తుందా? రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే ఎట్లా? నల్లగొండ ఇల్లు అమ్మాలా, ఉంచాలా? తెలిసినవాళ్లు చెప్పండి. మా ఆవిడైతే "ఈ వయసులో హాస్టలా?" అంటోంది.

పాలమూరక్క
సార్, ముందు వంట చేసేది ఏ ఊరి మనిషో కనుక్కోండి. మా అమ్మ షాద్‌నగర్ వైపు ఇలాంటి దాంట్లోనే ఉంటోంది. పొద్దున ఇడ్లీ, ఉప్మా. రాత్రి పుల్కా, పప్పు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జొన్నరొట్టె తిన్న మనిషి ఆమె. అడగ్గా అడగ్గా బుధవారం రొట్టెలు మొదలుపెట్టారు. మధ్యాహ్నమే చేసి పెడితే రాత్రికి అట్టముక్కల్లా అయ్యేవి. పళ్లు లేనోళ్లు ఎట్లా తింటారు? మేనేజర్‌తో కొట్లాడి పక్క ఊరామెను పెట్టించా. ఇప్పుడు పెనం మీది రొట్టె నేరుగా పళ్లెంలోకే, పచ్చిపులుసుతో. అమ్మ వెనక ఇంకో పదిమంది లైన్ కడుతున్నారు.

బోరుబండి
రొట్టెల ముచ్చట తర్వాత. నీళ్లు ఎక్కడివో అడిగారా సార్? మునుగోడు, మర్రిగూడ ఆ పక్కే కదా. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు నడుములు వంగిపోయిన ఊళ్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అక్కడికి తీసుకుపోతారా?

మునుగోడు ముచ్చట
మళ్లీ మొదలైందా! ఎన్నేళ్లు చెప్తావన్నా ఇదే కథ? ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లోనే ఉంది, ఎప్పుడన్నా ఆగి చూశావా? ఇప్పుడు మేం తాగేది కృష్ణా నీళ్లు. నీలాంటోళ్ల మాటలకే ఒకప్పుడు మా ఊరి పిల్లలకు సంబంధాలు రాకుండా పోయినై.

బోరుబండి
ఊళ్లో నల్లాకు భగీరథ నీళ్లు వస్తాయి, కాదన్నానా? ఊరి బయట ప్రైవేట్ బిల్డింగుకు ఎవరిస్తారు? ఆ రోడ్డు పొడుగునా వెంచర్లకు బోర్లు వేసింది నేనే. తాగడానికి క్యాన్లు పెడతారు, వంటకు మాత్రం బోరు నీళ్లే. అన్నం ఉడికేది వాటితోనే కదా.

సాగర్ ఎడమ కాల్వ
ఇంత గొడవెందుకు, కాచి చల్లార్చుకుని తాగితే సరి.

రిటైర్డ్ ఏఈ
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను, ఫ్లోరైడ్ సంగతి ఇక్కడ నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారనుకోను. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని పుస్తకాల్లో 'నల్లగొండ టెక్నిక్' అనే రాస్తారు, నాగపూర్ నీరి సంస్థ తయారుచేసింది. ఆర్వో మిషన్ కూడా తీస్తుంది, కాకపోతే ఫిల్టర్ ఎప్పుడు మార్చారో చూడాలి. పంతులుగారూ, వంటింటి నల్లా నుంచి ఒక సీసా పట్టుకొచ్చి ల్యాబ్‌లో ఇవ్వండి, తేలిపోతుంది.

మునుగోడు ముచ్చట
పేరు మాత్రం నల్లగొండది, మంచినీళ్లు మాకు రావడానికి తరాలు పట్టింది. తమరు సర్వీసులో ఉండంగ మా ఊళ్లో ఫ్లోరైడ్ తీసే ప్లాంటు తాళం ఒక్కసారన్నా తీయించారా సారూ?

రిటైర్డ్ ఏఈ
మర్యాదగా మాట్లాడు. ప్లాంటు పెట్టడం మా పని, నడపడం పంచాయతీ పని. పటికకు బిల్లు పాస్ చేయనోళ్లను అడుగు.

దేవరకొండ బస్సు
మీరిద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి, మమ్మల్ని వదిలేయండి. నేను సూటిగా అంటా. కన్నవాళ్లను లాడ్జిలో దించినట్టు దించి, డల్లాస్ నుంచి బిల్లు కడితే అయిపోయిందా? మా నాయన చివరిదాకా మా ఇంట్లోనే ఉన్నాడు.

పాలమూరక్క
ఆయనకు స్నానం చేయించింది మీరా అన్నా, వదినా?

దేవరకొండ బస్సు
ఇంటి ఆడవాళ్లు చేస్తే తప్పా?

పాలమూరక్క
తప్పని ఎవరన్నారు? పేరు ఎవరికొచ్చిందో అడిగా.

మిర్యాలగూడ మిల్లు
డిపాజిట్ మాట ఎవ్వరూ ఎత్తట్లేదు. మా బాబాయి హైదరాబాద్ శివార్లలో ఒకదాంట్లో ఉండి కాలం చేశాడు. పిన్ని ఖాళీ చేసి డబ్బులడిగితే అగ్రిమెంట్ తీశారు. "సదరు గది వేరొకరికి కేటాయించిన పిమ్మట" ఇస్తారట. కేటాయించేదీ వాళ్లేనాయె! ఏడాది దాటాక ఇచ్చారు, అందులోనూ రంగులకింత, గీజర్‌కింత, బాత్రూం టైల్స్‌కింత కోత. వడ్డీ ఊసే లేదు.

పంతులుగారూ, ఒక లెక్క చూడండి. ఆ 20 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీంలో వేస్తే 8.2 శాతం చొప్పున ఏడాదికి 1,64,000 వస్తుంది. అది మీరు వదులుకుంటున్నట్టే కదా. అంటే నెల ఖర్చు 35 వేలు కాదు, 48 వేల పైనే. జీఎస్టీ అందులో కలిసిందో, పైన వేస్తారో కూడా అడగండి.

కోర్టు పక్షి
ఇల్లు ఇప్పుడే అమ్మకండి. అక్కడ మనసు నిలవకపోతే తిరిగి రావడానికి ఒక గడప ఉండాలి. పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసే ముందు కూడా ఆగండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. చూసుకోకపోతే గిఫ్ట్ రద్దు చేయమని ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. కాకపోతే "మమ్మల్ని పోషించాలి" అనే షరతు పత్రంలో ఉంటేనే కేసు గట్టిగా నిలబడుతుంది. మన దగ్గర రాసేవాళ్లు "ప్రేమాభిమానాలతో" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిస్తారు. నెలవారీ భరణానికేమో చట్టంలోనే 10 వేల పరిమితి ఉంది. ఏదన్నా అడగాలంటే సీనియర్ల హెల్ప్‌లైన్ 14567.

పానగల్ పంతులు
గిఫ్ట్ డీడ్ గురించి నేను అడగలేదండీ.

కోర్టు పక్షి
మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ మొదట అదే అంటారు సార్.

జడ్చర్ల జంక్షన్
మీరందరూ బయటి నుంచి మాట్లాడుతున్నారు, నేను ఉంటున్నవాణ్ని. క్యారమ్స్, సాయంత్రం ముచ్చట్లు, మోటారు కాలిందన్న టెన్షన్ లేదు. నాకు హాయిగానే ఉంది. కాకపోతే మా ఆవిడ ఒక రాత్రి బాత్రూంలో జారిపడింది. గోడకున్న తాడు లాగితే మనిషి వెంటనే వచ్చింది. వచ్చింది నర్సు కాదు, ఆయమ్మ. డాక్టర్ ఫోన్లో. అంబులెన్స్ గేటు దగ్గరే ఉంది, డ్రైవర్ ఇంటికి పోయాడు. చివరికి 108కి ఫోన్ చేశాం. అందుకే పగలు కాదు, రాత్రి భోజనాలయ్యాక పోయి చూడండి.

దానికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. మంచాన పడితే ఉంచుతారా? మతిమరుపు ముదిరితే? మా అగ్రిమెంట్‌లో "తమ పనులు తాము చేసుకోగలిగినంత వరకు" అని ఉంది. ఆ తర్వాత మీ బిడ్డ ఇంటికే కదా పోవాలి. ఆమెతో ఆ మాట ఇప్పుడే మాట్లాడారా?

పానగల్ పంతులు
లేదు, మాట్లాడాలి. అగ్రిమెంట్ కాపీ పంపమని వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేశా. ముందు 50 వేలు బుకింగ్ కడితే పంపిస్తామంటున్నారు.

మిర్యాలగూడ మిల్లు
కట్టకండి సార్. కాగితం ముందు, పైసలు తర్వాత. అదీగాక ఒక నెల కిరాయికి ఉండి చూస్తామని అడగండి, కొన్ని చోట్ల ఇస్తున్నారు. ఒప్పుకోకపోతే ఇంకోటి చూసుకోండి.